లో-లెవెల్ అంటే లోతా, లోకువా?

సంక్రాంతి సెలవుల్లో ధర్మవరంలో మా మేనమామ వాళ్లింటికి వెళ్లాను. అన్నాలు తింటుంటే మామ అడిగాడు, "ఏమల్లుడా, చదువైనాక ఏం చేద్దామనుకుంటాండావు?" అని. నాకు ఈ మధ్య ఆపరేటింగ్ సిస్టమ్స్ మీద మోజు పట్టుకుంది. ఆ ఊపులోనే "లో-లెవెల్ ప్రోగ్రామింగ్ వైపు పోవాలనుంది మామా" అన్నాను.

మామ ముద్ద కలపడం ఆపేశాడు. "అదేందప్పా! మీ నాయన అంత ఫీజు కట్టి చదివిస్తాంటే నువ్వు లో లెవెల్ పని చేస్తానంటావా? చేసేదేదో హై లెవెల్‌దే చెయ్యి. లో లెవెల్ పని చేసేకి మేము ల్యామా ఈడ?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వేశాను. కానీ తిరిగి హిందూపురం రైలెక్కాక ఆ మాట మళ్లీ మళ్లీ గుర్తొచ్చింది. మామ మగ్గం నేస్తాడు. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆయన చేస్తున్న పని పట్టుచీరలు నేయడమే. ఆ పనిని ఆయన తనంతట తానే "లో లెవెల్ పని" అనేశాడు. నేనేమో అదే మాటను గొప్పగా చెప్పుకోవడానికి వాడాను. ఇద్దరం ఒకే మాట అన్నాం, కానీ ఒకరన్నది ఇంకొకరికి చేరలేదు. "అట్ల కాదు మామా, మా సబ్జెక్టులో లో-లెవెల్ అంటే..." అని మొదలుపెట్టి, తర్వాత తెలుగులో ఏం చెప్పాలో తెలియక ఆగిపోయాను. ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లిష్ మీడియం చదువు కదా. మాట వాడటం వచ్చు, విప్పి చెప్పడం రాదు.

ఆ రోజు చెప్పలేకపోయిన దాన్ని ఇప్పుడు ఇక్కడ చెప్పే ప్రయత్నం చేస్తున్నాను.

దేనికంటే కింద?

మేస్త్రీ గోడ కట్టేటప్పుడు రసమట్టం పెట్టి చూస్తాడు. మట్టం అంటేనే లెవెల్. నీటిమట్టం, సముద్రమట్టం, నేలమట్టం అన్నీ ఆ కుటుంబంవే. మట్టం ఎప్పుడూ ఒకదానితో పోల్చి చెప్పేదే. ఊరికే "కింద" అంటే అర్థం లేదు, "దేనికంటే కింద" అని ఎవరైనా అడగాలి. లో-లెవెల్ అనే మాటతో వచ్చిన చిక్కంతా అక్కడే ఉంది. ఆ మాట వాడేటప్పుడు మనం ఏ కొలబద్ద పెట్టి కొలుస్తున్నామో చెప్పం.

నేను లెక్క పెడితే మామూలు వాడుకలో నాలుగు కొలబద్దలు కనిపించాయి. ఒకటి ఎత్తు. రెండు మోతాదు. మూడు హోదా. నాలుగోది మనవాళ్లది, అంటే కంప్యూటర్ సైన్స్ వాళ్లది. అది అసలు పనికి ఎంత దగ్గరగా ఉన్నామో కొలుస్తుంది. ఒక్కోదాన్నే చూద్దాం. మొదటిదానికైతే హిందూపురం, పెనుకొండ, ధర్మవరం రైలు దారి ఒక్కటి చాలు.

ఎత్తు: ప్లాట్‌ఫారం, వంతెన, కాలువ

రైల్వేలో లో-లెవెల్ ప్లాట్‌ఫారం అనేది అధికారికంగా ఉన్న మాట. బ్రాడ్‌గేజ్‌లో హై-లెవెల్ ప్లాట్‌ఫారం పట్టా మీద నుంచి 760 నుంచి 840 మిల్లీమీటర్ల ఎత్తు ఉండాలి. లో-లెవెల్ ప్లాట్‌ఫారం 455 మిల్లీమీటర్లకు మించకూడదు. చిన్న స్టేషన్లో ప్యాసింజర్ దిగేటప్పుడు ముసలివాళ్లు కమ్మీ పట్టుకుని, కాలు కిందికి చాచి, నేల ఎక్కడుందా అని వెతుక్కుంటారు చూడండి. ఆ తేడా ఈ అంకెల్లో ఉంది. ఇక్కడ "లో" అంటే ఎత్తు తక్కువ, అంతే. ఎవరినీ తిట్టడం లేదు, పొగడటం లేదు.

తర్వాత వంతెన. "లోలెవల్ వంతెన మునిగింది, రాకపోకలు బంద్" అని వానాకాలంలో పేపర్లో చదువుతుంటాం. నేను చాలా రోజులు ఎవరో సరిగ్గా కట్టలేదు కాబట్టి మునిగిందనుకునేవాణ్ని. సివిల్ ఫ్రెండ్ చెప్పాక తెలిసింది, అది మునగడానికే కట్టిన వంతెన అని. చిత్రావతి, జయమంగళి లాంటి మన నదుల్లో ఏడాదిలో చాలా రోజులు ఇసుకే తప్ప నీళ్లుండవు. ఏడాదిలో కొన్ని రోజులు వచ్చే వరద కోసం పెద్ద వంతెన కట్టాలంటే ఖర్చు చాలా ఎక్కువ. అందుకని తక్కువ ఎత్తులో గట్టిగా కట్టి, మామూలు నీళ్లు కింది తూముల్లోంచి, వరద నీళ్లు పైనుంచి పోయేలా వదిలేస్తారు. అంటే ఇక్కడ "లో" అనేది నిర్మాణ లోపం కాదు, తెలిసే చేసుకున్న ఒప్పందం. ఆ ఒప్పందంలో మన వంతు కూడా ఒకటి ఉంది: నీళ్లు పైకి వచ్చిన రోజు దాటకూడదు. వేగంగా పారే నీళ్లు అడుగు లోతుంటే చిన్న కారును తోసుకుపోగలవు, రెండడుగులుంటే చాలా వాహనాలను లాక్కుపోగలవు. 2021 నవంబరులో చిత్రావతి పొంగినప్పుడు, పెనుకొండకీ ధర్మవరానికీ మధ్యనున్న చెన్నేకొత్తపల్లి మండలంలో నీళ్లలో చిక్కుకున్నవాళ్లను కాపాడటానికి వైమానిక దళ హెలికాప్టర్ రావాల్సి వచ్చింది. మామూలు రోజుల్లో ఆ ఏటిని చూసినవాళ్లెవరూ అంత నీళ్లు ఊహించుకోలేరు. లో-లెవెల్ అన్న మాట అర్థం కాకపోతే ప్రాణం మీదికి వచ్చే చోటు ఇదొక్కటే అనుకుంటా.

మూడోది కాలువ. తుంగభద్ర డ్యామ్ కుడివైపు నుంచి రెండు కాలువలు మన రాష్ట్రానికి వస్తాయి. ఒకటి హై లెవెల్ కెనాల్, పేపర్ల భాషలో హెచ్చెల్సీ, తెలుగులో ఎగువ కాలువ. ఇంకోటి లో లెవెల్ కెనాల్, దిగువ కాలువ. దిగువ కాలువ బళ్లారి మీదుగా కర్నూలు వైపు పోతుంది. ఎగువ కాలువ అనంతపురం వైపు వస్తుంది. ఒకటి గొప్పది, ఒకటి తక్కువది అని కాదు. కాలువలో నీళ్లు వాలును బట్టే పారతాయి. ఎత్తు నేలకు నీళ్లు చేరాలంటే కాలువ ఎత్తులోనే మొదలవ్వాలి. ఎగువ కాలువ నీళ్లు పెన్నహోబిలం బ్యాలెన్సింగ్ రిజర్వాయర్ చేరితే, అక్కడ నుంచి ధర్మవరం కుడి కాలువ అని ఒకటి ధర్మవరం వైపు వస్తుంది.

ఇక్కడ ఒక తమాషా ఉంది. తుంగభద్ర డ్యామ్ పూర్తి నీటిమట్టం 1633 అడుగులు, అంటే సముద్రమట్టం నుంచి దాదాపు 498 మీటర్లు. ధర్మవరం ఎత్తు 350 మీటర్ల చుట్టుపక్కల. కాబట్టి నీళ్లు దిగి రావచ్చు. మరి హిందూపురం? సుమారు 620 మీటర్లు! డ్యామ్ నిండుకుండలా ఉన్నా దానికంటే మన ఊరు నూరు మీటర్ల పైనే. అంటే "హై లెవెల్" అని పేరు పెట్టుకున్న కాలువ హిందూపురం దృష్టిలో లో-లెవెలే. అందుకే మా వైపుకు హంద్రీ-నీవా కావాల్సి వచ్చింది. శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు, అంటే 270 మీటర్లు. ఆ కృష్ణా నీళ్లను వరసగా పంపులు పెట్టి మెట్టు మెట్టుగా ఎత్తిపోసుకుంటూ పెనుకొండ దగ్గరి గొల్లపల్లి రిజర్వాయర్ దాకా తెస్తారు. హై, లో అనేవి కాలువలో లేవు, మనం ఏ ఊర్లో నిలబడి చూస్తున్నామో అందులో ఉన్నాయి.

ఎత్తు విషయంలో ఇంకొక్క ఉదాహరణ చెప్పి ముందుకు పోదాం. వాతావరణ శాస్త్రంలో లో-లెవెల్ జెట్ అని ఉంది. జులైలో దక్షిణ భారతం మీదుగా, భూమి నుంచి సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తులో, పడమటి నుంచి బలమైన గాలిధార వీస్తుందని పి.వి. జోసెఫ్, పి.ఎల్. రామన్ 1966లో చూపించారు. అరేబియా సముద్రం తేమను నేల మీదికి మోసుకొచ్చే ముఖ్యమైన గాలి ఇది. ఆ వానలో పెద్ద వాటా పడమటి కనుమలు తీసేసుకుంటాయి, మన వైపుకు మిగిలేది ఎక్కువగా గాలే. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఆ జెట్‌ను "లో" అన్నది ఇంకా చాలా పైన వీచే వేరే జెట్‌లతో పోల్చి. బలంలో అది లో కాదు.

మోతాదు: తక్కువైతే మంచిదా, చెడ్డదా?

రెండో కొలబద్ద మనకు ల్యాబ్ రిపోర్టుల్లో కనిపిస్తుంది. "హిమోగ్లోబిన్ లెవెల్ లో ఉంది", "షుగర్ లెవెల్ లో అయింది", "ప్లేట్‌లెట్స్ లో" అంటాం. ఇక్కడ లో అంటే మోతాదు తక్కువ. తెలుగులో "తక్కువ" అనే మాట చక్కగా సరిపోతుంది.

కానీ తక్కువ అన్నంత మాత్రాన మంచో చెడో తెలియదు. చెడు కొలెస్ట్రాల్ తక్కువుంటే డాక్టర్ సంతోషిస్తాడు. షుగర్ మరీ తక్కువైతే మనిషి కళ్లు తిరిగి పడిపోతాడు. చప్పుడు లెవెల్ లో ఉంటే హాస్టల్లో నిద్ర పడుతుంది, అదే ఫోన్లో చార్జింగ్ లెవెల్ లో ఉంటే నిద్ర పట్టదు. మాట ఒకటే, విలువ దేని గురించి మాట్లాడుతున్నామనే దాన్ని బట్టి వస్తుంది.

హోదా: గుచ్చుకునేది ఇక్కడే

మూడో కొలబద్ద దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. "హై లెవెల్ కమిటీ వేశారు" అంటే పెద్దవాళ్లు కూర్చున్నారని. "లో లెవెల్ స్టాఫ్" అంటే చిన్న జీతాలవాళ్లని. "వాడు లో లెవెల్ గాడు" అంటే తిట్టు. ఎత్తు గురించి చెప్పిన మాట, మెల్లగా మనిషి గురించి, చివరికి ఆ మనిషి బుద్ధి గురించి చెప్పే మాట అయిపోయింది. మా మామ చెవికి నా మాట వినిపించింది ఈ కొలబద్ద మీదే.

ఇది ఇంగ్లిష్ తప్పే అనుకోకండి. తెలుగులోనూ "కింది స్థాయి ఉద్యోగులు", "దిగువ తరగతి" ఉన్నాయి. "నేలబారు" అని మంచి తెలుగు మాట ఉంది. పక్షి నేలబారుగా ఎగిరిందంటే ఎత్తు, రచన నేలబారుగా ఉందంటే విమర్శ. "లోకువ" అయితే మరీ సూటిగా ఉంటుంది.

కానీ తెలుగులో ఇంకో మాట ఉంది: క్షేత్రస్థాయి. పేపర్ చదివేటప్పుడు గమనించండి. పొరపాటు జరిగి ఎవరి మీదికో తోసేయాల్సి వస్తే "కింది స్థాయి సిబ్బంది నిర్లక్ష్యం" అని రాస్తారు. వరదల్లో మోకాళ్ల లోతు నీళ్లలో తిరిగి పనిచేసినప్పుడు వాళ్లే "క్షేత్రస్థాయి సిబ్బంది" అవుతారు. మనుషులు మారలేదు, జీతం మారలేదు. మొదటి మాట వాళ్లు అధికారికి ఎంత దూరంలో ఉన్నారో చెబుతుంది. రెండోది వాళ్లు జనానికి ఎంత దగ్గరగా ఉన్నారో చెబుతుంది.

ఈ తేడాను సుప్రీంకోర్టు కూడా పట్టించుకుంది. మనమంతా "కింది కోర్టు", "దిగువ కోర్టు" అంటుంటాం కదా. 2024 ఫిబ్రవరిలో జస్టిస్ అభయ్ ఎస్. ఓకా, జస్టిస్ ఉజ్జల్ భుయాన్ ధర్మాసనం ఒక కేసులో, ట్రయల్ కోర్టును "లోయర్ కోర్టు" అని రాయడం మానేయాలని చెప్పింది. అక్కడి రికార్డును కూడా లోయర్ కోర్టు రికార్డు అనకుండా ట్రయల్ కోర్టు రికార్డు అనమంది. ఆలోచిస్తే ఇది ఊరికే మర్యాద కోసం చెప్పింది కాదనిపిస్తుంది. సాక్షి బోనులో నిలబడి తడబడ్డాడా, తల దించుకున్నాడా, ధైర్యంగా చెప్పాడా అన్నది కళ్లతో చూసేది ట్రయల్ కోర్టు జడ్జి ఒక్కరే. పై కోర్టులకు చేరేది కాగితాలు. వరసలో అందరికంటే కింద ఉన్న కోర్టే నిజానికి అందరికంటే దగ్గర.

ఈ "దగ్గర" అన్న మాటను గుర్తుపెట్టుకోండి. నాలుగో కొలబద్ద అదే.

కంప్యూటర్లో లో-లెవెల్

ప్రాసెసర్‌కి తెలిసింది ఒకట్లు, సున్నాలు. ఇంటెల్ ఎక్స్86 ప్రాసెసర్‌కి 10110000 01100001 అని ఇస్తే, "ఏఎల్ అనే రిజిస్టర్లో 97 పెట్టు" అని దానికి అర్థమవుతుంది. ఇది మెషిన్ కోడ్. దీనికంటే కిందికి పోతే ఇంక మామూలుగా మనం రాసే ప్రోగ్రాం ఉండదు. దీన్నే మనుషులు చదవగలిగే పొట్టి మాటల్లో రాస్తే అసెంబ్లీ. ఈ రెండింటినీ లో-లెవెల్ లాంగ్వేజ్‌లంటాం. పైథాన్లో అయితే ఒక పేరు రాసి, ఈక్వల్ టు 97 అంటే చాలు. ఆ 97 ఎక్కడ కూర్చుంది, ఎంత చోటు తీసుకుంది అని మనం అడగం. ఏఎల్ రిజిస్టర్లో అది ఒక్క బైటు. 64 బిట్ మెషిన్ మీద మామూలు పైథాన్లో అదే 97కి 28 బైట్లు పడుతుంది. ఆ 27 బైట్ల తేడా మన సౌకర్యానికి మనం కట్టే అద్దె అనుకోవచ్చు.

అంటే ఇక్కడ "లో" అంటే తక్కువ రకం కాదు. యంత్రానికి దగ్గర, మధ్యలో పొరలు తక్కువ. సౌకర్యం తగ్గుతుంది, బాధ్యత పెరుగుతుంది. మెమరీ తీసుకున్నది మనమే, తిరిగి ఇవ్వాల్సిందీ మనమే. ఒక్క అడ్రస్ తప్పితే ప్రోగ్రాం మొత్తం కూలిపోతుంది.

ఇదీ పోల్చి చెప్పేదే. ఐబీఎంలో జాన్ బాకస్ బృందం 1957లో ఫోర్ట్రాన్ తెచ్చినప్పుడు అది హై-లెవెల్. బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ 1970ల మొదట్లో తయారుచేసిన సీ లాంగ్వేజ్ కూడా అసెంబ్లీ రాసేవాళ్ల కళ్లకు హై-లెవెలే. ఇవాళ పైథాన్‌తో మొదలుపెట్టిన మన బ్యాచ్‌కి అదే సీ "అబ్బో, లో-లెవెల్" అనిపిస్తుంది. సీ ఎక్కడికీ కదల్లేదు. మనం పైకి పోయాం. తుంగభద్ర కాలువ, హిందూపురం లెక్కే ఇది.

ప్లేస్‌మెంట్లకు చదివేవాళ్లకు ఇంకో జంట తెలుసు: హై-లెవెల్ డిజైన్, లో-లెవెల్ డిజైన్. మొదటిదాంట్లో పెద్ద పెద్ద డబ్బాలు గీసి బాణాలు పెడతాం. రెండోదాంట్లో ఒక్కో క్లాసు, ఒక్కో ఫంక్షన్, ఏ తప్పు వస్తే ఏం చేయాలి, అన్నీ రాయాలి. ఇక్కడ లో-లెవెల్ అంటే వివరం. మీటింగుల్లో "హై-లెవెల్‌గా చెప్పు" అంటే "పైపైన చెప్పు" అని. తెలుగులో ఆ "పైపైన" అన్నది ఏమంత మెచ్చుకోలు కాదు! "పైపైన చదివాడు" అంటే సరిగ్గా చదవలేదని. "లోతుగా చదివాడు" అంటే గౌరవం. ఇంగ్లిష్ మాటలో పైన ఉన్నది గొప్ప అనే వాసన ఉంటే, మన మాటలో కింద ఉన్నదే గొప్ప. సంగీతంలోనూ అంతే. మంద్రస్థాయి అంటే కింది స్థాయే, కానీ మంద్రంలో పాడటాన్ని ఎవరూ లోకువగా చూడరు. పేపర్ల వాళ్లు గొడవ ముదిరితేనే "తారస్థాయికి చేరింది" అంటారు.

గుంత మగ్గం

ఇప్పుడు మామ దగ్గరికి వస్తాను. ధర్మవరంలో చాలా ఇళ్లలో ఉండేది గుంత మగ్గం. నేలలో గుంత తీసి, నేత మనిషి ఆ గట్టు మీద కూర్చుని కాళ్లు గుంతలోకి దించి తొక్కుడు కర్రలు తొక్కుతాడు. పడుగు దాదాపు నేల ఎత్తులోనే పరుచుకుని ఉంటుంది. ఎత్తు కొలబద్ద మీద చూస్తే ఇది నేల కంటే కింద చేసే పని. గట్టి వాన పడితే ముందు ఆ గుంతల్లోకే నీళ్లు వస్తాయి, అది ఆరేదాకా పని ఉండదు, కూలీ ఉండదు. మునిగితే నష్టమేమిటో లోలెవల్ వంతెనకు తెలియదు, ఈయనకు తెలుసు.

మగ్గం పైన జాకార్డు ఉంటుంది. వరసగా దండలా కుట్టిన అట్టలు, వాటి నిండా రంధ్రాలు. ఒక్కో అట్ట ఒక్కో పేకకు. రంధ్రం ఉన్న చోట సూది లోపలికి పోతుంది, దాని కొక్కెం పైకి లేస్తుంది, దానికి కట్టిన పడుగు పోగులు లేస్తాయి. రంధ్రం లేని చోట సూది వెనక్కి నెట్టుకుపోతుంది, పోగు కిందే ఉండిపోతుంది. ఆ సందులోంచి నాడె పోతుంది. అట్ట మారుతుంది. ఇంకో పేక. ఇట్లా వేల పేకలు పడితే అంచులో నెమలి వస్తుంది.

రంధ్రం ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. ఇది పోలిక కోసం నేను అంటున్న మాట కాదు. జోసెఫ్ మారీ జాకార్డ్ ఫ్రాన్స్‌లో 1804లో ఈ యంత్రాన్ని తెచ్చాడు. చార్లెస్ బాబేజ్ 1830లలో అనలిటికల్ ఇంజిన్ ఊహించినప్పుడు, దానికి ఆదేశాలు ఇవ్వడానికి ఈ అట్టల పద్ధతినే తీసుకున్నాడు. 1890 అమెరికా జనాభా లెక్కలకు హెర్మన్ హోలరిత్ రంధ్రాల కార్డులు వాడాడు. ఆ తర్వాత కంప్యూటర్లకు కొన్ని దశాబ్దాల పాటు ప్రోగ్రాంలు కార్డుల మీదే ఇచ్చారు. గళ్ల కాగితం మీద డిజైన్ గీయడం హై-లెవెల్ ప్రోగ్రాం రాసినట్టు. దాన్ని చూసి అట్టలు కొట్టడం కంపైలర్ పని. ఆ అట్టలు మెషిన్ కోడ్. మధ్యలో ఒక పోగు తెగి డిజైన్లో గీత పడితే, ఏ కొక్కెం దగ్గర తప్పిందో వెతికి, తెగిన పోగు పట్టుకుని ముడి వేసే మనిషి మామ. దాన్ని మేం డీబగ్గింగ్ అని రెండు సెమిస్టర్లు చదువుకుంటాం.

అంటే ఆ రోజు మామ అన్నది నిజమే. ఆయన చేసేది లో-లెవెల్ పనే. ఏ కొలబద్ద మీద అన్నది మాత్రం ఇద్దరం చెప్పుకోలేదు.

మరి తెలుగులో ఏమనాలి?

ఒకే మాటతో అన్నింటినీ లాగాలనుకుంటే కుదరదు. ఎత్తు అయితే "దిగువ" లేదా "తక్కువ ఎత్తు". మోతాదు అయితే "తక్కువ". పని జరిగే చోటు గురించి అయితే "క్షేత్రస్థాయి". వివరం గురించి అయితే "లోతైన". కంప్యూటర్ గురించి అయితే నేను "యంత్రానికి దగ్గరి భాష" అని చెబుతాను, కొంచెం పొడుగైనా సరే. మనిషి గురించి అయితే ఆ మాటే వద్దు. జీతం తక్కువని చెప్పాలంటే జీతం తక్కువని చెప్పొచ్చు, అనుభవం తక్కువైతే అనుభవం తక్కువని చెప్పొచ్చు. "లో లెవెల్" అంటే ఇవేవీ చెప్పకుండా మనిషినే దించేయడం.

తెలుగు లిపిలో రాసినప్పుడు ఇంకో సంగతి కనిపించింది. "లో" అంటే మనకు లోపల. లోతు మాట అక్కడే మొదలవుతుంది, లోకువ అన్న మాట కూడా అక్కడే మొదలవుతుంది. ఇంగ్లిష్ మాటకూ దీనికీ చుట్టరికం లేదు, ఊరికే కలిసింది. కానీ గుర్తుపెట్టుకోవడానికి పనికొస్తుంది. ఎవరైనా లో-లెవెల్ అంటే, లోతు అంటున్నారా, లోకువ అంటున్నారా అని ఒకసారి అడిగి చూడండి.

ఇదంతా మొన్న ఫోన్లో మామకు చదివి వినిపించాను. అట్టల సంగతి దగ్గర "అవునా, దాన్ని చూసే చేసినారా!" అని రెండుసార్లు అడిగాడు. అంతా విన్నాక కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "బాగుండాదల్లుడా. కానీ ఇదే పని నువ్వు చేస్తే లోతు, నేను చేస్తే లోకువ. నీకు నెలకు జీతమొస్తాది, నాకు చీర దిగితే కూలి వస్తాది. నువ్వు పేరు మారిస్తే అది మారుతుందా?"

మారదు. దానికి నా దగ్గర జవాబు లేదు. కూలి రేటు నా వ్యాసంతో పెరగదు. "మారదు మామా, కానీ నువ్వైనా దాన్ని లో లెవెల్ పని అనొద్దు" అన్నాను.

"సరేలే, అనను" అన్నాడు. "ఉగాదికి రా. ఆ అట్టలు ఎట్ల కొడతారో చూపిస్తా."

వెళ్తున్నాను.